మూతి మాస్టారి ఎడమ బుగ్గ

ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. మూతి మాస్టారంటే మాత్రం ఆ వీధిలో ఎవరైనా సెలూన్ దాకా వచ్చి మరీ చూపిస్తారు. గడ్డం గీసేటప్పుడు ఆయన ఒక్క మాట మాట్లాడడు. ఎదుటివాడి పై పెదవి మీద కత్తి పెట్టాలంటే ముందు తన పెదవిని పళ్ల మీదికి బిగిస్తాడు. కుర్చీలో ఉన్నవాడు కూడా బిగిస్తాడు. తను బుగ్గ పూరిస్తే అవతలి బుగ్గ పొంగుతుంది, తను గడ్డం ఎత్తితే అవతలి గడ్డం లేస్తుంది. ఇది ఎవరూ నేర్పింది కాదు. పక్క కుర్చీ చూసుకునే బావమరిది ఓసారి, "బావా, నువ్వు ఆవలిస్తే కొట్టంతా నిద్రపోతుంది," అని వేళాకోళం చేసేదాకా ఆయనకే ఆ సంగతి తెలియదు.

మనిషికి కుదురు తక్కువ. చేతిలో పనిలేకపోతే దులిపిన తువ్వాలే మళ్లీ దులుపుతాడు. తలుపు దాకా వెళ్లి వీధి చూసి వస్తాడు. కాలుగాలిన పిల్లి నయమని ఇంట్లో ఆవిడ అంటుంది.

ఒకరోజు పొద్దున టీ తాగుతుంటే నోటి ఎడమ పక్కనుంచి చొక్కా మీదికి కారింది. నిద్రమత్తు అనుకుని చొక్కా మార్చుకుని కొట్టుకి వెళ్లాడు. మొదటి బేరం పక్క వీధి దర్జీ, పాత స్నేహితుడు. నురుగు పట్టించి, కత్తి తీసి, మాస్టారు తన పెదవి బిగించాడు. దర్జీ మూతి ఒక పక్కకి లాక్కుపోయింది.

"అదేంటి వంకర పెడతావు? తిన్నగా పెట్టు."

"నువ్వు పెట్టినట్టే పెట్టాను కదయ్యా!"

"నేనెక్కడ వంకర పెట్టాను?"

దర్జీ నవ్వబోయి ఆగిపోయాడు. అద్దం వైపు వేలు చూపించాడు.

అద్దంలో కుడి సగం తనదే. ఎడమ సగం తీగ మీద ఆరేసిన తడిబట్టలా జారిపోయి ఉంది. కళ్లు గట్టిగా మూసుకోబోయాడు. కుడి కన్ను మూతపడింది. ఎడమ కన్ను తెరుచుకునే ఉండి ఆయన్నే చూస్తోంది.

బావమరిది స్కూటరు మీద ఆసుపత్రికి పట్టుకెళ్లాడు. డాక్టరు చేతులు ఎత్తించాడు, నడిపించాడు, నుదురు ముడవమన్నాడు. "పక్షవాతం కాదు. ముఖానికి వెళ్లే నరం వాచింది, అంతే. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. మాత్రలు వేసుకోండి, కంట్లో చుక్కలు వేసుకోండి, ఓపిక పట్టండి," అన్నాడు. మాత్రలూ చుక్కలూ ఆసుపత్రి గుమ్మం ముందే దొరికాయి. ఓపిక మాత్రం ఏ షాపులోనూ దొరకలేదు.

ఇంట్లో వంటగదికీ వీధి తలుపుకీ మధ్య తిరిగాడు. "నేల అరిగిపోతుంది, కాసేపు కూర్చోండి," అని భార్య బతిమాలింది. వారం తిరక్కుండానే కొట్టుకి వెళ్లిపోయాడు. ఎదుట బ్యాంకు గుమాస్తా కూర్చున్నాడు. మాస్టారు అలవాటు కొద్దీ బుగ్గ పూరించాడు. ఎడమ పక్కనుంచి గాలి తుస్సుమంది. గుమాస్తా బుగ్గ కూడా సగం పొంగి టక్కున కుంగిపోయింది, కత్తి దాని మీద ఉండగానే. నురుగు ఎర్రబడింది.

"ఫరవాలేదండీ, చిన్నదే," అన్నాడు గుమాస్తా. మాస్టారు గబగబా పటిక అద్దాడు.

గుమాస్తా వెళ్లాక బావమరిది మెల్లగా, "బావా, కొన్నాళ్లు ఇంట్లో ఉండు. నేను చూసుకుంటాలే," అన్నాడు.

"నన్ను కొట్లోంచి వెళ్లగొడతావా?" అని అరిచాడు మాస్టారు. పెదవులు కలవక ఆ మాట సగం గాలైపోయింది. తువ్వాలు విసిరికొట్టి, నలుగురూ ఎదురుపడని చుట్టుదారిలో ఇంటికి పోయాడు.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి ఆయన ముందు అద్దం పెట్టింది. ఆయన దాన్ని బోర్లించాడు.

"బతుకంతా అద్దాల మధ్యే గడిచిందమ్మా. ఇప్పుడీ మొహం చూడలేను."

ఆ అమ్మాయి బలవంతపెట్టలేదు. "అయితే ఇంకొకళ్ల నోరు చూడండి. వాళ్లు శబ్దం లేకుండా ఆ, ఈ, ఊ అంటారు. ముందు ఊరికే చూడండి, తర్వాత అలాగే చేయండి. ఎదుటివాళ్ల నోరు కదులుతుంటే, మన నోటిని కదిపే మెదడు భాగం కూడా కాస్త మేలుకుంటుంది. తిరిగి చేస్తే ఇంకా బాగా మేలుకుంటుంది."

"అంటే నా మెదడు బాగానే ఉందా?"

"బాగానే ఉంది. తెగులంతా నరానిదే."

"మాకైతే ఎప్పుడూ అనుమానమే," అంది పక్కనున్న భార్య.

ఎదురుగా కూర్చోవడానికి మొదట భార్యే సిద్ధమైంది. కానీ ఆవిడకి నోరు తెరిస్తే మాటైనా రావాలి, నవ్వైనా రావాలి. రెండో రోజుకే చేతులెత్తేసింది. "మా అమ్మని కూర్చోబెడతాను. ఎలాగూ మీ ఇద్దరికీ మాటల్లేవు, శబ్దం వస్తుందన్న భయమే లేదు."

అత్తగారు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎప్పుడో ఆవిడ పాత మంచం తీసేసే దగ్గర మాటా మాటా పెరిగి, అల్లుడితో మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా ఇద్దరికీ మధ్య కూతురే రాయబారి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ పక్కన రెండు కుర్చీలు వేశారు. పళ్లు లేని నోరు కావడంతో ఆవిడ ఊ అంటే పెదవుల చుట్టూ ముడతలన్నీ ఒకచోటికి పరుగెత్తేవి. ఈ అంటే చెవులదాకా సాగేవి. అన్నేళ్లలో అత్తగారి మొహాన్ని ఆయన అంత తేరిపార చూసింది లేదు. మోకాలు ఊగుతూనే ఉండేది, చూపు గడియారం మీదికి పోయేది. ఆవిడ వేలితో కుర్చీ చెయ్యి మీద టక్కున కొట్టేది. మళ్లీ చూసేవాడు. చూస్తూ ఉంటే ఎడమ చెంప లోపల ఏదో గోకడానికి అందని దురదలా మెదిలేది. పైకి మాత్రం ఏమీ కదలదు. "ఇదంతా దండగ," అని లేచిపోయేవాడు. మర్నాడు ఆవిడ ముందే వచ్చి కూర్చునేది.

అలా చాలా రోజులు గడిచాయి. ఒకనాడు ఆయన మధ్యలోనే లేవబోతుంటే, ఆవిడ ఆ, ఈ, ఊ కాక ఇంకేదో అంది, శబ్దం లేకుండానే. ఆయన ఆగి పెదవులు చూశాడు. 'మొండిఘటం' అంటోంది.

ఆయన కూర్చుని, అలాగే శబ్దం లేకుండా, 'మీకంటేనా?' అన్నాడు.

ఆవిడ నవ్వింది. ఆ బోసినవ్వు చూసి ఆయనకీ నవ్వొచ్చింది. ఆవిడ నవ్వు ఆపేసి ముందుకి వంగింది.

"కదిలింది," అంది పైకే. "అబ్బాయీ, మూల కదిలింది. మళ్లీ నవ్వు."

నవ్వమంటే నవ్వు రాలేదు, కళ్లనీళ్లు వచ్చాయి. భార్య వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి, ఏమైందని ఇద్దర్నీ మార్చి మార్చి అడిగింది.

"తగ్గే కాలం వచ్చిందేమో, తగ్గింది. దేనివల్ల ఎంత అని నేను చెప్పలేను," అంది ఆసుపత్రి అమ్మాయి. చలికాలం పోయేసరికి టీ కారడం ఆగింది, ఎడమ కన్ను కూడా మూతపడసాగింది. కొట్టుకి వెళ్లిన మొదటిరోజు బావమరిదే వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కళ్లు తెరువు. నా మొహం చూడకపోతే పని జరగదు," అన్నాడు మాస్టారు.

ఒక్క గాటు పడకుండా గీశాడు. అయినా మనసు నిలవలేదు. గట్టిగా నవ్వితే ఎడమ కన్ను దానంతటదే చిన్నదవుతోంది. ఇదెప్పుడు పోతుందని అడిగితే, కొందరికి అలాగే ఉండిపోతుందని ఆ అమ్మాయి చెప్పింది. ఆ జవాబు ఆయనకి నచ్చలేదు. నెలకోసారి వెళ్లి అదే ప్రశ్న అడిగి వస్తున్నాడు.