డైమండ్ హార్బర్ నీళ్ళు

నా చిన్నప్పుడు మేము కలకత్తాలో, గంగకు పడమటి గట్టున షాలిమార్ గూడ్సు యార్డు వెనక సందులో, రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారు ఆ యార్డులోనే గుమాస్తా. శ్రీకాకుళం దగ్గర, సముద్రం కనిపించే మేడలో పుట్టిన మా తాతయ్య ఆ రెండు గదుల్లోనూ దర్జాగానే బతికారు. ఇస్త్రీ లేని పంచె కట్టేవారు కాదు. బజార్లో నిలబడి ఏదీ తినేవారు కాదు. మా ఇంటిపేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు లేచి నిలబడేవారని మాకు చెప్పేవారు. కలకత్తాలో ఆ పేరు ఎవరికీ తెలియదు. తెలియనిచోట తిరగడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. అందువల్ల పదేళ్ళకు పైగా ఆ ఊళ్ళో ఉండి కూడా ఆయన చూసింది మా సందు, పోస్టాఫీసు, గంగ ఒడ్డు, అంతే. ఆయనను తక్కువ చేయడానికి ఈ మాట రాయడం లేదు. ఆ గుణం నాకూ వచ్చింది.

పక్కింట్లో ఒకావిడ ఉండేది. ఆమెదీ శ్రీకాకుళం తీరమే. భర్త ఖిదిర్‌పూర్ రేవులో కూలి. ఆమె రోజూ లాంచీలో గంగ దాటి, మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర కుట్టిన చొక్కాలు మూటగట్టి తెచ్చుకుని, గుండీలు కుట్టి తిరిగి ఇచ్చేది. నేను అత్తా అని పిలిచేదాన్ని. సాయంత్రం కరెంటు పోగానే మా గుమ్మం పక్క మెట్టు మీద కూర్చుని, చీకటిపడేదాకా గుండీలు కుడుతూ తను తిరిగిన చోట్లన్నీ చెప్పేది. గంగ మీది పెద్ద వంతెన మీంచి పూలబజారు చూడాలంటే ఎండ ఎక్కకముందే వెళ్ళాలట. మైదానం మీదుగా వెళ్ళే ట్రాములో కిటికీ పక్కనే కూర్చోవాలట. కచోరీ పొద్దున్నే తినాలి, ఆలస్యమైతే నూనె మాడిపోతుంది. కొత్తబెల్లంతో చేసే సందేశ్ మిఠాయి చలికాలంలోనే, ఇలస చేప వానాకాలంలోనే. పుచ్కా, అంటే పానీపూరీ, తిన్నాక చివర్న బండివాడు ఒకటి ఊరికే ఇస్తాడు, అడగకపోతే మన తప్పు.

నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. లోపల పేముకుర్చీలో పత్రిక అడ్డం పెట్టుకుని మా తాతయ్యా వినేవారు. ఆ సంగతి ఉత్తరాలు రాసేటప్పుడు నాకు తెలిసింది.

చెయ్యి వణుకుతుందని ఆయన ఉత్తరాలన్నీ నాచేత రాయించేవారు. అవన్నీ ఆయన అక్కగారికే. మేము ఆవిడను పెద్దమామ్మ అనేవాళ్ళం. భూములు, మేడ పోయాక కూడా మా తాతయ్యను ఇంటి పెద్దగా చూసే మనిషి ఆవిడ ఒక్కరే మిగిలారు. ఆ ఉత్తరాల్లో అత్త ట్రాములూ కచోరీలూ అన్నీ మా తాతయ్యవి అయిపోయేవి. "నేను తరచు వెళ్ళే దుకాణంలో" అని చెబితే నేను అలాగే రాసేదాన్ని. డైమండ్ హార్బర్‌లో అవతలి గట్టు కనబడదనీ, ఓడలు కదలకుండా నిలబడి ఉంటాయనీ అత్త ఒకరోజు చెప్పింది. మర్నాడు ఉత్తరంలో మా తాతయ్య తనే ఒక వాక్యం చేర్చారు. సముద్రస్నానం లేనిదే తోచదు కనుక అప్పుడప్పుడు అక్కడికి వెళ్ళి వస్తున్నానని.

నాకు పదో ఏడు వచ్చిన చలికాలంలో పెద్దమామ్మ కాశీ నుంచి తిరిగి వెళుతూ మా ఇంట్లో మూడు రోజులు దిగారు. సంచీలోంచి ఉత్తరాల కట్ట తీసి మంచం మీద పెట్టారు. ఇందులో రాసినవన్నీ తమ్ముడు చూపించాలి, చివర్న సముద్రస్నానం చేయించాలి అన్నారు. పెళ్ళై లోపలి ఊళ్ళకు వెళ్ళాక ఆవిడ సముద్రం చూసి ఎన్నో ఏళ్ళయిందట. మా తాతయ్య తల ఊపారు. పత్రిక తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

నేను పక్కింటికి పరుగెత్తి, ఉత్తరాల సంగతంతా చెప్పేశాను. అత్త నవ్వుతుందనుకున్నాను. ఆమె సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది.

"బాబుగోరికి నాను దారి సూపించడమేటమ్మా, బాగోదు. నా పని మీద నాను ముందెల్తాను. నువ్వు తాతగోరి సెయ్యట్టుకుని నా మూట ఎనక రా."

మర్నాడు అలాగే జరిగింది. తెల్లని మూట నెత్తిన పెట్టుకుని ఆమె పదడుగుల ముందు నడిచింది. మేము లాంచీ దిగాం, ట్రామెక్కాం. ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి ట్రాము ఆగినప్పుడు, ఆమె వెనక్కి తిరగకుండానే దిగిపోయి పక్క వీధిలోకి మళ్ళింది. మేమూ మళ్ళాం. కచోరీ దుకాణం ముందు నిలబడి, ఎవరికో చెబుతున్నట్టు, "దాదా, వేడివేడివి ఇయ్యండి" అని బెంగాలీలో గట్టిగా అనేసి ముందుకెళ్ళింది.

పెద్దమామ్మకు ప్రతిదీ వింతే. జాదూఘర్‌లో, అంటే మ్యూజియంలో, గుడ్డలు చుట్టిన శవాన్ని చూసి, ఈయన పిల్లలు ఒప్పుకున్నారా ఇలా పెట్టడానికి అని కాపలావాణ్ణి తెలుగులోనే నిలదీశారు. కాశీ నుంచి వస్తూ బజారు తిండేమిటని మా తాతయ్య సణిగితే, "కాశీలో నేను వదిలింది కాకరకాయ, కచోరీ కాదు" అన్నారు. కచోరీ దుకాణంలో కూర్చోడానికి బల్ల లేదు. మా తాతయ్య జీవితంలో మొదటిసారి బజార్లో నిలబడి, సభలో ఉన్నట్టు గడ్డం పైకెత్తి కచోరీ తిన్నారు. తర్వాత ఒక వేలు ఎత్తారు. దుకాణదారు ఇంకొకటి వేశాడు.

ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు. నాకూ గండం గడిచిందనిపించింది.

మూడోరోజు సియాల్దాలో రైలెక్కి డైమండ్ హార్బర్ వెళ్ళాం. అత్త అదే పెట్టెలో తలుపు దగ్గర మూట మీద కూర్చుంది. దిగి ఒడ్డుకు నడిచేసరికి, ఆమె చెప్పినట్టే అవతలి గట్టు పొగమంచులో కలిసిపోయి ఉంది. గాలి చెవుల్లో హోరుమంటోంది. దూరంగా రెండు ఓడలు. ఇంత నీరు ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. ఇదే సముద్రమని నేను నమ్మేశాను.

పెద్దమామ్మ చీర చెంగు దోపుకుని మెట్లు దిగి, స్నానానికి ముందు దోసిలితో నీళ్ళు తీసుకుని నాలుక మీద వేసుకున్నారు. ఇంకోసారి వేసుకున్నారు. మెల్లగా వెనక్కి తిరిగారు.

"తమ్ముడూ, ఇది సముద్రం కాదు. ఏరు. మనం ఉప్పునీళ్ళలో ఈత నేర్చుకున్నవాళ్ళం. నువ్విక్కడ స్నానం చేసుంటే నీకు తెలియకపోవడమేమిటి?"

మా తాతయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. అప్పుడు అత్త తనే మెట్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మగోరూ, బాబుగోరు ఒచ్చినప్పుడు ఏరు పోటు మీదుండుంటాది. పోటెక్కితే ఈ నీరూ ఉప్పగయిపోద్ది. ఇప్పుడు ఆటు గదా."

ఎంత చక్కని అబద్ధమో అది. ఆయన అవునంటే చాలు. పెద్దమామ్మ నమ్మేవారు, ఉత్తరాలు నిలిచేవి, మా ఇంటి పెద్దరికం నిలిచేది. అనేస్తారనే అనుకున్నాను.

"లేదక్కా" అన్నారు మా తాతయ్య. "నేనిక్కడికి ఎప్పుడూ రాలేదు. ఉత్తరాల్లో ఉన్నదంతా ఈ అమ్మ తిరిగి చూసింది. సముద్రం ఒక్కటే నాది, అదే తప్పు."

పెద్దమామ్మ ఆయనను ఎగాదిగా చూశారు. "అయితే ఇన్నాళ్ళూ నేను జవాబులు రాయాల్సింది నీకు కాదన్నమాట" అని, అత్త చెయ్యి పట్టుకుని మెట్టు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఏ ఊరు, ఎవరి పిల్లవి, ఈ ఊళ్ళో ఇంకా ఏమేం చూశావు అని అడగడం మొదలుపెట్టారు. నాకు తెలిసి అత్తను ఆ మాట అడిగిన పెద్దవాళ్ళు అంతకు ముందెవరూ లేరు. మొదట ఆమె మాట తడబడింది. తర్వాత ఆగలేదు. మా తాతయ్య రెండు మెట్లపైన నిలబడి, ఈసారి పత్రిక అడ్డం లేకుండా విన్నారు. స్నానం సంగతి అందరం మరిచిపోయాం. తిరుగురైలుకు టైమవుతోందని అత్తే లేపింది.

తర్వాత కూడా ఆయన నాచేత ఉత్తరాలు రాయించారు. కలకత్తా విశేషం ఏది వచ్చినా "పక్కింటి అమ్మాయి చూసి చెప్పింది" అన్న మాటతోనే మొదలుపెట్టించేవారు. పెద్దమామ్మ జవాబుల్లో సగం పక్కింటావిడకే ఉండేది. నేను చదివి వినిపించేదాన్ని.

ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను. కలకత్తా వెళ్ళేవాళ్ళు ఏం చూడాలి, ఏం తినాలి అని నన్ను అడుగుతుంటారు. చెబుతాను, ఎవరు చూపించారో ముందు చెప్పి మరీ చెబుతాను. మొన్న ఒకాయన కలకత్తాకు దక్షిణాన ఉన్న బక్ఖాలీలో సముద్రం ఎలా ఉంటుందండీ, అంత దగ్గర పెరిగారు కదా అని అడిగారు. వెంటనే ఒక వర్ణన నోటిదాకా వచ్చింది. నేనెప్పుడూ వెళ్ళలేదండీ అన్నాను. అన్నాక చూసుకుంటే, నాకేమీ తగ్గలేదు.