తెలిస్తే ఏం చేస్తాం?

మా బాబాయి ఏ సంగతైనా తెలుసుకునే ముందు ‘తెలిస్తే ఏం చేస్తాం?’ అని అడుగుతాడు. దానికి జవాబు లేకపోతే ఆ సంగతి ఆయనకు అక్కర్లేదు.

వాన పడుతుందో లేదో వార్తల్లో వినడు. ఎలాగూ గొడుగు లేకుండా గడప దాటడు. పిన్ని ఒకసారి జుట్టు పొట్టిగా కత్తిరించుకొచ్చి ఎలా ఉందని అడిగితే, “బాగోలేదంటే మళ్లీ అతికిస్తారా?” అన్నాడు. ఆ పూటంతా పిన్ని మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో ఆయన అడగనూ లేదు.

క్యాన్సర్ ఆస్పత్రిలో ఆయన పనీ ఇదే. ఏ స్కాను వల్ల రోగికి ఎంత మేలో, దాని ఖర్చుకు ఆ మేలు తగునో తేల్చడం. మచ్చ కనిపిస్తే మందు మారుస్తారా, కనిపించకపోతే ఆపరేషన్ మానేస్తారా అని డాక్టర్ల ప్రాణం తీసేవాడు. మారుస్తామంటే మాత్రం, ఎంత ఖరీదైన స్కానైనా సాయంత్రంలోగా చేయించమని ఇంకా ఎక్కువ తీసేవాడు. వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వినబడితే కుర్ర డాక్టర్లు లిఫ్టు వదిలేసి మెట్లెక్కేవారు.

అమ్మకు రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయింది. డాక్టరమ్మ పరీక్షించి అంతా బాగుందనీ, నొప్పో గడ్డో ఉంటే తప్ప స్కాను అక్కర్లేదనీ చెప్పింది. అన్నయ్య మనసు ఊరుకోలేదు. ఎందుకైనా మంచిదని బాబాయి ఆస్పత్రిలోనే ఒంటినిండా స్కానుకు రోజు ఖాయం చేశాడు. అంతే, అమ్మకు అన్నం సయించడం మానేసింది. సముద్రం పక్కన ఉండే తన చెల్లెలి ఇంటికి వెళ్దామనుకున్నది కాస్తా, రిపోర్టు వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేసింది. అంతకుముందు స్కానుకీ అలాగే వేసింది.

బాబాయి వచ్చి అన్నయ్యను పలకరించకుండా నేరుగా అమ్మ ఎదుట కూర్చున్నాడు.

“వదినా, బాగుందని వస్తే ఏం చేస్తావు?”

“చెల్లి దగ్గరికి వెళ్తాను.”

“బాగోలేదని వస్తే?”

అమ్మ కాసేపు చీర అంచు సర్దుకుంది. “అప్పుడూ అక్కడికే. కాకపోతే ఇంకా తొందరగా.”

“అయితే ఆ తొందరేదో ఇప్పుడే పడు.”

అన్నయ్య మండిపడ్డాడు. ఇది ఆస్పత్రికి డబ్బు మిగిల్చే ఎత్తు కాదూ అన్నాడు.

“మిగిలింది మీ అమ్మ నిద్రరా,” అన్నాడు బాబాయి. “ఆ రోజు స్కాను వేరొకాయనకు ఇప్పిస్తాను. ఆయనకు పొట్ట కోయాలో వద్దో దాంతోనే తేలాలి.”

అమ్మ ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకుంది.

అమ్మ బయల్దేరిన రోజు బస్సు దగ్గర, ఆమె సంచి పైన పెట్టివస్తానని బాబాయి ఎక్కాడు. బస్సు కదిలినా దిగలేదు. అన్నయ్య కిటికీ వెంట పరిగెత్తుతూ, చేరగానే ఫోన్ వస్తుంది కదా, నువ్వెక్కడికి బాబాయ్ అని అరిచాడు.

“ఫోన్లో ఏం తెలుస్తుందిరా? నేనే చూసొస్తాను.”

మేమిద్దరం నోరు తెరుచుకుని నిలబడ్డాం. పిన్ని మాత్రం తాపీగా ఇంటిదారి పట్టింది. అమ్మ సంచిలో ఆయన తువ్వాలూ, రెండు చొక్కాలూ పొద్దున్నే సర్దిపెట్టిందట.