జెంజి అనుమానాలు

జెంజి ఎవరినీ నమ్మేది కాదు. ఇంగోల్‌స్టాట్‌లో షుట్టర్ వాగు ఒడ్డున ఆమె పక్కన ఇరవై ఏళ్లకు పైగా బట్టలుతికినదాన్ని, ఈ మాట నేను కాక ఇంకెవరు చెప్పాలి? రొట్టెలవాడు నవ్వుతూ పలకరిస్తే తూకం తగ్గించాడనేది. చర్చిలో ఫాదర్ గారి ప్రసంగం సాగిందంటే ఆయనింట్లో వంట ఇంకా కాలేదనేది. ఆమె మొగుడు డాన్యూబ్ మీద కలప తెప్పలు నడుపుకుంటూ వియన్నా దాకా పోయి తిరిగి రాలేదు. మునిగిపోయాడని తోటివాళ్లు వచ్చి చెప్పారు. నల్లబట్ట కట్టుకుంది గాని ఏడవలేదు.

"తడిసిన టోపీ అయినా తెచ్చి చూపించలేదు, ఆఫ్రా. వీళ్లు నోటితో చెప్తే నేను కళ్లతో ఏడవాలా?" అంది నాతో.

ఆమె అనుమానాలు చాలావరకు నిజమయ్యేవి. అందులో వింతేమీ లేదు. ఊళ్లో ఎవరింట్లో ఏం జరుగుతోందో ముందు తెలిసేది బట్టలుతికేవాళ్లకే. ఎవరు రక్తం కక్కుతున్నారో, ఏ కొత్త పెళ్లికూతురు వేరే గదిలో పడుకుంటోందో, ఏ పెద్దమనిషి చొక్కాకి ఎవరి అత్తరు అంటిందో మాకు దుప్పట్లే చెప్పేవి. జెంజి ప్రతి మూటనీ విప్పి, ఎత్తి వెలుతురులో చూసి, వాసన చూసి గాని నీళ్లలో ముంచేది కాదు.

1793 వసంతంలో ఆమె కన్ను లోరెంజ్ హైన్‌డిల్ మూట మీద పడింది.

హైన్‌డిల్ మా ఊరి విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుకునే కుర్రవాడు. విధవరాలైన ఒక కొవ్వొత్తుల కొట్టావిడ ఇంట్లో మేడమీద గది తీసుకుని ఉండేవాడు. పాతికేళ్లుంటాయేమో. కప్పల్ని, చచ్చిన పిల్లుల్ని కోస్తాడని వీధంతా తెలుసు. చదువుకునేవాళ్లలో అలాంటివాళ్లు చాలామందే ఉండేవారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అతను పదిహేను రోజులకి రెండు చొక్కాలు ఉతకడానికి వేసేవాడు. అలాంటిది ఏప్రిల్ నెలాఖరు నుంచి వారానికి నలభై యాభై గుడ్డముక్కలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కోటీ అరచేయంత. వాటితో పాటు ఉన్ని ఉండలు. మూట కూడా మెట్ల మీదే అందించి, మేం లోపలికి తొంగిచూడకుండా తలుపు వేసుకునేవాడు.

"నెత్తురు లేదు. చీము లేదు," అంది జెంజి ఒక ముక్కని ఎండకి పట్టి. "చచ్చినవాళ్లని కోస్తే ఇంత శుభ్రంగా ఉండదు."

"ఏవో మందుల గుడ్డలై ఉంటాయిలే అక్కా."

"మందులకి ఈ వాసనుంటుందా? చూడు." ముక్కు దగ్గర పెట్టింది. పుల్లటి పాల వాసన. "చచ్చినవాళ్లు పాలు తాగరు, ఆఫ్రా."

ఆ ముక్కని చేత్తో ముట్టుకోకుండా కర్రతో నీళ్లలోకి తోశాను.

ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. అందరూ కిటికీలు బార్లా తీసుకున్న జూన్ నెలలో అతని గదిలో పొయ్యి ఆరడం లేదని ఇంటావిడ చెప్పింది. పీపాలు చేసేవాడి భార్య అప్పుడే బిడ్డని కని పాలిస్తోంది. ఆమె దగ్గర నుంచి రోజూ ఒక చిన్న జాడీ మేడమీదకి వెళ్తోంది. దేనికని అడిగితే చర్మానికి పట్టు వేసుకోవడానికన్నాడట. ధర్మాసుపత్రి మంత్రసాని అతన్ని వీధిలో చూస్తే తల తిప్పేసుకుంటోంది. ఊళ్లో మాటలు పుట్టాయి. పేదల శ్మశానంలో ఒక గొయ్యి మట్టి వదులుగా ఉందని ఒకడు, మైనంతో మనిషిని పోతపోసి ప్రాణం ఎక్కిస్తున్నాడని ఇంకొకడు.

ఒక శనివారం మిట్టమధ్యాహ్నం జెంజి ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కింది. వెనక నేను. తలుపు కాస్త తెరుచుకోగానే బుట్టని సందులో దూర్చి భుజంతో నెట్టింది.

"బాబుగారూ, మీ గదిలో ఉన్నది బతికుందా, చచ్చిందా? అది చెప్పండి, వెళ్లిపోతాం."

"అరవకు! తలుపు మూయి, చలిగాలి తగులుతుంది," అన్నాడు హైన్‌డిల్. గడ్డం మాసిపోయి, కళ్లు గుంటలు పడి ఉన్నాడు. కాళ్లకి బూట్లు కూడా లేవు.

గది మధ్యలో బల్ల మీద రాగి తొట్టి. దాని లోపల ఇంకో తొట్టి, రెండిటి మధ్యా వేడినీళ్లు. పైన గాజుపలక. లోపల బాతు ఈకల మధ్య, చర్మం ఒలిచిన కుందేలు పిల్లంత ఒక ఆడపిల్ల. పల్చటి చర్మం కింద నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. పొట్ట మాత్రం గబగబా ఎగిరి పడుతోంది.

జెంజి సిలువ గుర్తు వేసుకుంది. నేను గోడకి ఆనుకున్నాను.

హైన్‌డిల్ ముందు బతిమాలాడు. తర్వాత మా భయం చూసి ధైర్యం వచ్చి, గర్వంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఒక సిపాయి భార్య ధర్మాసుపత్రిలో ఆరున్నర నెలలకే కని కన్నుమూసింది. మంత్రసాని పిల్ల నుదుటి మీద బాప్తిస్మం నీళ్లు చల్లి, ఎలాగూ పోతుందని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. అతను అడిగి తెచ్చుకున్నాడు. కోడిగుడ్లు పొదిగించే పొయ్యిల గురించి ఎక్కడో చదివి ఈ తొట్టి తయారుచేయించాడు.

"తొమ్మిది నెలల పని కడుపుకే చేతనవునని ఎవరన్నారు? ఇది నిలబడనీ. తర్వాత అయిదు నెలలది నిలబెడతాను. ఆ తర్వాత మూడు. ఒకనాటికి తల్లి అవసరమే లేకుండా..." అని ఆగిపోయాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"పేరేంటి?" అంది జెంజి.

"దేనికి, ఈ తొట్టికా?"

"పిల్లకి!"

అతను తెల్లబోయాడు. ఆ ఆలోచనే రాలేదని మొహమే చెప్పింది.

"మా అమ్మ పేరు ఓటీలియా. అదే పెడుతున్నా," అంది జెంజి. "వింటున్నావుగా ఆఫ్రా, నువ్వే సాక్షి. పేరున్నదాన్ని మాయం చెయ్యడం కష్టం."

ఆ రోజు నుంచి రోజూ వెళ్లేది. మనసు కరిగి వెళ్లిందనుకునేరు, కాదు. చచ్చిపోతే కోసి చూస్తాడేమోనన్న అనుమానంతో వెళ్లేది. గాజు మీద వేళ్లు పెట్టి ఊపిరి చూసేది, గుడ్డలు లెక్కపెట్టేది. కాని అతని గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. ఆ మూడు నెలలూ హైన్‌డిల్ కుర్చీలోనే కునికాడు. గంటకోసారి నీళ్లు మార్చాడు. ఈకతో ఒక్కో చుక్కా పాలు పోశాడు. ఏ తండ్రీ అంత చేసి ఉండడు. జెంజి కూడా ఒకసారి, "పట్టుదల ఉందిలే వెధవకి," అంది. ఆమె నోట అంతకంటే మెచ్చుకోలు నేను వినలేదు.

పిల్ల బతికింది. శరదృతువుకి తొట్టి విడిచి ఉయ్యాలలోకి వచ్చింది. పెద్దపెద్ద డాక్టర్లు, పట్టుకోట్ల దొరలు బళ్లు కట్టించుకుని వచ్చి చూశారు. హైన్‌డిల్ పిల్లని బల్ల మీద పడుకోబెట్టి కొలతలు చదివేవాడు. చప్పట్లు కొట్టేవారు. ఊరూరికీ ఉత్తరాలు వెళ్లాయి. ఏ లోపమూ లేని పిల్ల అని వాటిలో రాశాడట.

చలికాలంలో సంగతి తెలిసింది. పిల్ల కుడికాలు కర్రలా బిగిసిపోయేది. కుడిచెయ్యి గుప్పిట విప్పేది కాదు. హైన్‌డిల్ వంచి చూశాడు, నూనెలు రాశాడు, మళ్లీ కొలిచాడు. ఆ తర్వాత ముట్టుకోవడం మానేశాడు. చూడ్డానికి వస్తామన్నవాళ్లకి పిల్లకి జలుబు చేసిందని చెప్పి పంపేశాడు. ఉయ్యాల జరిగి జరిగి పొయ్యి పక్క నుంచి తలుపు పక్కకి వచ్చింది.

"మళ్లీ మంత్రసానితో మాట్లాడుతున్నాడు," అంది జెంజి వాగు దగ్గర. "ఇంకోటి కావాలిట. మొదటిదాన్ని ఏం చేస్తాడో కనిపెట్టి ఉండాలి."

మార్చిలో ఒక పొద్దున కొవ్వొత్తుల కొట్టు ముందు బండి ఆగింది. మేం వెళ్లేసరికి పుస్తకాలు ఎక్కాయి, తొట్టి గడ్డిలో చుట్టి జాగ్రత్తగా ఎక్కించారు. వీధిలో జనం మూగారు.

"తొట్టి ఎక్కింది. పిల్లేదండీ?" అంది జెంజి, గుర్రం ముందు నిలబడి.

"అనాథాశ్రమంలో చేర్చుకుంటామన్నారు. ఇంటావిడకి అన్నీ చెప్పాను. తప్పుకో, వియన్నా వెళ్లాలి."

"వియన్నా పోయినవాళ్లు ఎంతమంది తిరిగొచ్చారో నాకు బాగా తెలుసు."

"నేను దాన్ని బతికించాను!" అన్నాడు హైన్‌డిల్. "నేను లేకపోతే అదసలు లేదు. ఇంకా ఏం చెయ్యాలంటావు?"

"అదే నేనూ అంటున్నా. నువ్వు లేకపోతే అది లేదు. నీ పాటికి నువ్వు పోతానంటే ఎలా?"

అతను ఆమె మొహంలోకి చూడలేక తొట్టి వైపు చూశాడు. "అది... అనుకున్నట్టు రాలేదు," అన్నాడు చిన్నగా. బండివాడు గుర్రాన్ని పక్కకి లాగి తోలుకుపోయాడు. జెంజి మేడెక్కి ఉయ్యాలతో సహా దించుకొచ్చింది.

పిల్లల మీద ఆమెకి ఎప్పుడూ మోజు లేదు. ఇంటికి తెచ్చుకున్నాక అనుమానం కూడా తగ్గలేదు. పైగా ఇప్పుడది పిల్ల మీదకే మళ్లింది. ఓటీలియా పెద్దగా ఏడ్చేది కాదు, చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి, ఎవరు ఎత్తుకున్నా ఒక్కలాగే చూసేది. వీధిలో దాన్ని 'పొదిగిన పిల్ల' అనేవారు. జెంజి పొద్దున్నే దాని ఛాతీకి చెవి ఆనించి వినడం నా కళ్లతో చూశాను.

"అక్కా, పసిపిల్లని అలా చూస్తావేంటి, దొంగని చూసినట్టు?"

"తల్లి ఒంటి వేడి తగలకుండా పెరిగింది. లోపల ఏం లేకుండా వచ్చిందేమో, ఎవరికి తెలుసు? తిండి పెడుతున్నా, కాలికి రోజూ నూనె రాస్తున్నా. నమ్మమని మాత్రం అడక్కు."

పిల్లకి అయిదో ఏడు వచ్చేదాకా ఇలాగే జరిగింది. ఆ ఏడు క్రిస్మస్ రొట్టెకని దాచుకున్న ఎండు పియర్ పళ్లు డబ్బాలోంచి సగం మాయమయ్యాయి. నేను అక్కడే ఉన్నాను.

"ఓటీ, పళ్లు ఎవరు తిన్నారు?"

"పిల్లి, అత్తా."

"మనకి పిల్లి లేదే!"

"తినేసి వెళ్లిపోయింది," అంది ఓటీలియా. గడ్డం మీద ఇంకా తొక్క అంటుకునే ఉంది. మొహం మాత్రం ఫాదర్ గారంత గంభీరంగా పెట్టింది.

జెంజి దాన్ని ఒక్క క్షణం అలాగే చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది. "అబద్ధం ఆడుతోంది ఆఫ్రా! విన్నావా? ఎంత చక్కగా ఆడుతోందో! నా తల్లే, అచ్చం మనిషే ఇది!" అంటూ దాన్ని ఒళ్లోకి లాక్కుని కళ్లు తుడుచుకుంది. మొగుడు పోయినప్పుడు రాని కన్నీళ్లు ఆ రోజు వచ్చాయి. తర్వాత దెబ్బలు కూడా వేసిందనుకోండి, పియర్ పళ్లు మరి.

మళ్లీ ఛాతీకి చెవి ఆనించడం నేను చూడలేదు.

తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చి కోటగోడలు కూల్చారు. విశ్వవిద్యాలయం వేరే ఊరికి తరలిపోయింది. చదువుకునేవాళ్లు లేక మా పని సగం పడిపోయింది. ఓటీలియా ఎడమచేత్తో చిరుగులు కుట్టడం నేర్చుకుని ఇల్లు నిలబెట్టింది. కుంటుతూనే ఊరంతా తిరిగేది. నాలుక పదునుగా ఉండేది, ఎవరి పెంపకమో వేరే చెప్పక్కర్లేదు.

1811లో డాక్టర్ హైన్‌డిల్ తిరిగొచ్చాడు. బొజ్జ, గొలుసు గడియారం, చేతిలో తోలు సంచి. ఏదో పెద్ద గ్రంథం రాస్తున్నాడట. ఓటీలియా కాలు కొలవాలన్నాడు.

"కొలిచే టేపు గుమ్మం బయట పెట్టి లోపలికి రండి," అంది జెంజి.

ఓటీలియా అతనికి కుర్చీ వేసింది, గిన్నెలో గంజి పోసి ఇచ్చింది. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్లు. "నా తర్వాత ఎంతమందిని పెట్టారు తొట్టిలో?" అని అడిగింది.

"పదకొండుమందిని."

"బతికింది?"

"ముగ్గురు."

"ఎక్కడున్నారు?"

అతను చెంచా గిన్నెలో తిప్పాడు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి పేజీలు తిరగేశాడు. అందులో బరువులు, తారీఖులు ఉన్నాయి. పేర్లు లేవు.

"నాకు మాత్రం పేరుంది. మా అత్త పెట్టింది," అంది ఓటీలియా. "డాక్టరుగారూ, ఆ ముగ్గురూ ఎక్కడున్నారో కనుక్కుని రాయండి. అప్పుడు వచ్చి కాలు కొలుచుకుందురు గాని. రెండు కాళ్లూ కొలుచుకోండి, నేనేం అనను."

అతను పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, రాస్తానన్నాడు.

"రాయడు," అంది జెంజి.

రాశాడు. పద్నాలుగు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. ఒకడి జాడ తెలిసింది: పేరు వెన్‌జెల్, పన్నెండేళ్లు, చెవుడు; పస్సావ్ దగ్గర అడవిలో గాజు చేసేవాళ్లు పెంచుకుంటున్నారు. జెంజి ఆ ఉత్తరాన్ని కిటికీకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "రాత అతనిదేనా? తప్పించుకోవడానికి ఏదో ఒకటి రాసి ఉంటాడు."

"వెళ్లి చూస్తే తెలుస్తుందిగా అత్తా," అని ఓటీలియా పడవెక్కింది.

నిజమే రాశాడు. వెన్‌జెల్ తన చెవి చూపించి, ఓటీలియా కాలు చూపించి, పెద్దగా నవ్వాడట. మాటలు లేకుండానే మూడు రోజులు కలిసి తిరిగారట. మిగతా ఇద్దరి జాడ ఎన్నటికీ తెలియలేదు. డాక్టర్ రెండేళ్లు ఉత్తరాలు రాశాడు, తర్వాత ఆగిపోయాయి. పోయాడో, విసుగెత్తి మానేశాడో ఎవరూ చెప్పలేదు. అతను కాలు కొలవడానికి మళ్లీ రాలేదు.

జెంజి 1814లో ఈస్టర్‌కి ముందు పోయింది. జబ్బు చేసినన్నాళ్లూ మందు ఓటీలియా ముందు రుచి చూస్తే గాని తాగలేదు. ఓటీలియా ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉండి చిరుగులు కుడుతుంది. ఏటా ఎండాకాలం పస్సావ్ వెళ్లి వస్తుంది.