ఆర్విడ్ చెప్పిన తప్పు

ఉత్తర మిషిగన్‌లోని మా ఊరి టౌన్‌హాలులో వేట పాఠాలు ఇరవై రెండేళ్లుగా నేనే చెబుతున్నాను. జీతం లేదు, కాఫీ కూడా సొంత ఖర్చే. ఈ క్లాసు పాసవకుండా మా పిల్లలకు వేట లైసెన్సు రాదు.

ఆర్విడ్ లాక్సో తానూ పాఠం చెప్తానని వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్ల కిందట జింకల వేటలో అతని తూటాకే సొంత తమ్ముడు వేన్ పోయాడు. కంచె దాటుతుంటే తుపాకీ దానంతటదే పేలిందన్నాడు. ఊరు నమ్మింది. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు.

"ఈ తద్దినం కొనితెచ్చుకోవడం ఎందుకురా?" అన్నాను.

"ఈసారి వేన్ కూతురు క్లాసుకొస్తోంది. దానికి నేను నేర్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు."

"మా ఆనవాయితీ తెలుసుగా. కొత్త మాస్టారు మొదటిరోజు తుపాకీతో తను చేసిన తప్పొకటి చెప్పాలి. ఆ కంచె కథ చెప్పావంటే మెడపట్టి గెంటేస్తా."

అతను తల వంచుకుని ఫారం నింపాడు.

శనివారం పద్నాలుగుమంది పిల్లలొచ్చారు. ముందువరుసలో వేన్ కూతురు కారిన్, వెనక గోడకానుకుని వాళ్లమ్మ డెలోరెస్. ఆమెను చూడగానే ఆర్విడ్ ముఖం పాలిపోయింది. ఏదో చిన్న తప్పు చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను.

"పొదలో ఏదో కదిలింది," అన్నాడు. "బైనాక్యులర్స్ మెడలోనే ఉన్నాయి. బద్ధకమేసి తుపాకీ మీది దుర్బిణిలోంచి చూశాను. అంటే, ఏమిటో తెలియనిదాని మీదికి తుపాకీ ఎక్కుపెట్టాను. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. కంచె లేదు, ఏమీ లేదు. అక్కడున్నది నా తమ్ముడు."

కారిన్ చెయ్యెత్తింది. "పెదనాన్నా, నాన్న అందరికీ కనబడేలా వేటలో వేసుకునే ఆరెంజ్ కోటు వేసుకోలేదా?"

"వేసుకున్నాడమ్మా. ఎండుటాకులనుకున్నాను."

డెలోరెస్ లేచింది. కూతుర్ని లాక్కుపోతుందనుకున్నాను. ఆమె నేరుగా ఆర్విడ్ ముందుకొచ్చి నిలబడింది.

"పదకొండేళ్లు నా పొయ్యికి కట్టెలు కొట్టిచ్చారు. ప్రతి ఆదివారం నా చేతి వంట తిన్నారు. ఒక్కసారైనా నోరు పెగల్లేదా, బావగారూ?"

చెప్పించింది నేనే కాబట్టి నాకు తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది.

"పిల్లకి మీరే నేర్పండి. ఇంత బాగా ఇంకెవరూ నేర్పలేరు," అంది. "మా గుమ్మం మాత్రం ఇక తొక్కకండి."

కారిన్ పాసైంది. ఆర్విడ్ ఏటా మొదటిరోజు అదే తప్పు, ఒక్క మాట తగ్గించకుండా చెబుతాడు. ఆ చలికాలం నుంచి డెలోరెస్ కట్టెలు తనే కొట్టుకుంటోంది.