వీత్కా గుండె గీత

బోతెవ్‌గ్రాద్ ఊళ్లో రేడియో మూగబోయినా, ఆసుపత్రిలో యంత్రం మొరాయించినా రంగెల్ దగ్గరికే వచ్చేవి. బాగుచేసినదాన్ని తన ఇంట్లో వాడి చూడనిదే ఆయన తిరిగి ఇచ్చేవాడు కాదు. ఎవరి చెవి మిషనైనా సరే, తాను పెట్టుకుని భోజనానికి కూర్చునేవాడు. భార్య వీత్కా అప్పుడు కావాలనే గుసగుసగా తిట్టేది.

ఆ ఏడాది ఆకులు రాలేవేళ ఆసుపత్రివాళ్ల ఇ.సి.జి. యంత్రం వచ్చింది. కాలిపోయిన యాంప్లిఫయర్ తీసేసి, ట్రాన్సిస్టర్‌తో కొత్తది కట్టాడు. తీగలు తన ఒంటికి తగిలించుకుని చూస్తే కాగితం మీద గీత మొత్తం తలకిందులుగా వచ్చింది. రంగెల్ నవ్వుకున్నాడు. ఆ రకంగా కట్టిన ట్రాన్సిస్టర్ సంకేతాన్ని పెద్దది చేస్తూనే బోర్లా తిప్పేస్తుంది. వెనక ఇంకొకటి పెడితే మళ్లీ నిలబెడుతుంది. పెట్టాడు. ఈసారి గీతలో శిఖరం పైకి లేచింది, దాని వెనక వచ్చే చిన్న అల కూడా పైకే లేచింది.

ఇంకొకరి మీద చూద్దామని, బాల్కనీలో ఎర్ర మిరపకాయలు కాలుస్తున్న వీత్కాను పిలిచాడు.

"ఊళ్లో సామాన్లన్నీ అయిపోయాయా, ఇక పెళ్లాన్ని విప్పుతావా?" అంటూ ఆమె చేతులు తుడుచుకుని సోఫాలో పడుకుంది.

శిఖరం పైకే లేచింది. చిన్న అల మాత్రం కిందికి వేలాడింది.

రంగెల్ తీగలు ఊడదీసి, ఆమె చర్మం తుడిచి మళ్లీ పెట్టాడు. అదే గీత. తనకు పెట్టుకుంటే రెండూ పైకే. రెండో ట్రాన్సిస్టర్ తప్పించి ఆమెకు పెట్టాడు: శిఖరం కిందికి, అల పైకి. ట్రాన్సిస్టర్‌కు సగం తిప్పడం చేతకాదు. తిప్పితే గీతనంతా తిప్పుతుంది. ఆ ఒక్క అలను తిప్పింది తన పనితనం కాదు, ఆమె గుండె.

వేసవి నుంచి వీత్కా మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతోంది. కిటికీలోంచి కొండలు చూస్తున్నానంటుంది. ఆయనా నమ్మాడు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

"కాయలు మాడిపోతున్నాయయ్యా. నీ మిషన్లోనే ఏదో తేడా ఉండుంటుంది, రేపు చూసుకో."

అవునని అనేయాలని ఆయనకు ప్రాణం కొట్టుకులాడింది.

"మిషను బానే ఉంది, వీత్కా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"పొయ్యి ఆర్పేసి నా కోటు తీసుకురా," అంది. "మెట్లు మెల్లగా దిగుదాం."