ప్రభువుకు మాత్రమే చెప్పిన సంగతులు

మొన్న గురువారం మధ్యాహ్నం మా సంఘంలో కిరాణా కొట్టు పెద్దాయన ఫోన్ చేశారు. హలో అనగానే ముక్కు చీదుకోవడం వినపడింది. "ఏమైందండీ?" అని నేనే అడిగాను. "అమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారమ్మా. ఇక మన సంగతులు ఆయనకు ఎవరు చెప్తారు?" అని భోరుమన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయన మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఆవిడ మా ఇబ్రహీంపట్నం చర్చిలో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల పక్కన కూర్చోవడం, అడిగినవాళ్ల కోసం, అడగనివాళ్ల కోసం కూడా ప్రార్థన చేయడం ఆవిడ పని. చర్చి వెనక గదిలో ఒక్కరే ఉండేవారు. చిన్నా పెద్దా అందరికీ అమ్మగారే.

ఆవిడ ప్రార్థన అందుకున్నారంటే పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లు ముందే వెళ్లి దించుకునేవాళ్లు. ప్రార్థన పొడుగు ఒక్కటే కాదు, అందులో వీధి సంగతులన్నీ ఉండేవి. "ప్రభువా, మా థర్మల్ స్టేషన్ పెద్దాయనకు షుగర్ పెరిగింది. డాక్టరు వద్దన్నా నిన్న చాటుగా కాజాలు తిన్నాడు. ఆయన్ని క్షమించు. తెచ్చిపెట్టిన కోడల్ని కూడా క్షమించు." కళ్లు మూసుకున్న సంఘమంతా పెదవులు బిగబట్టేది. నాకు పెళ్లి కాని రోజుల్లో, చర్చిలో కీబోర్డు వాయించే నా వంతూ వచ్చింది: "మా కీబోర్డు పిల్లకు సంబంధాలు బాగానే వస్తున్నాయి తండ్రీ, ఈ పిల్లే వంకలు పెడుతోంది."

బయటికొచ్చాక ఎవరైనా నిలదీస్తే ఆవిడ తడబడేవారు కాదు. "నేను మనుషులకు చెప్పలేదు నాయనా, ప్రభువుకు చెప్పాను. నీకెలా వినపడింది? ప్రార్థనలో ధ్యాస దేవుడి మీద ఉండాలి."

రోజూ గుడికెళ్లే ఎదురింటి బామ్మగారు సైతం ఆవిణ్ణి ఆపి, "నా మోకాళ్ల సంగతి మీ దేవుడి చెవిన కూడా ఓ ముక్క వెయ్యమ్మా" అనేవారు. ఆ ఆదివారమే వేసేవారు, ఏ మోకాలు ఎక్కువ నొప్పో ఎడమా కుడీ తేడాతో సహా.

మా సంఘం ఒకసారి రెండుగా చీలింది. అదీ ప్రేమ విందు దగ్గర. క్రిస్మస్‌కు అందరం కలిసి చేసుకునే భోజనాన్ని మేం అలాగే పిలుస్తాం. ఇద్దరు సంఘ పెద్దలూ బావా బావమరదులే. థర్మల్ స్టేషన్‌లో చేసి రిటైరైన పెద్దాయనకు ఇచ్చింది కొట్టు పెద్దాయన అక్కనే.

"వీధివీధంతా పిలుస్తున్నాం బావా. సగంమంది నీచు ముట్టరు. పులిహోర, సాంబారు చేయిద్దాం" అన్నారు కొట్టు పెద్దాయన.

"క్రిస్మస్ పూట సాంబారేంటయ్యా? బిర్యానీ లేకుండా విందేంటి? నీ కొట్లో చింతపండు గానీ మిగిలిపోయిందా?" అన్నారు థర్మల్ పెద్దాయన.

ఆ చింతపండు దగ్గర సంఘం తెగిపోయింది. కొట్టు పెద్దాయన తనవాళ్లతో తన మేడ మీద వేరే ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. తబలా వాళ్లతో వెళ్లింది, నా కీబోర్డు ఇక్కడ ఉండిపోయింది. అక్కడ తాళం ఉండి రాగం లేదు, ఇక్కడ రాగం ఉండి తాళం లేదు. ఆ క్రిస్మస్‌కు విందూ లేదు. అమ్మగారు మాత్రం ఉదయం ఇక్కడికి వచ్చి, సాయంత్రం అక్కడికి వెళ్లేవారు. ఎవరైనా ఏదో ఒకటి తేల్చుకోమంటే, "విడిపోయింది మీరు. నేను విడిపోలేదుగా" అనేవారు.

నెలలు గడిచాయి. ఒక ఆదివారం సాయంత్రం అమ్మగారు, మెట్లెక్కలేకపోతున్నానని నా చెయ్యి పట్టుకుని నన్నూ మేడ మీదికి తీసుకెళ్లారు. అక్కడ ప్రార్థన అందుకున్నారు. వానల సంగతి అయింది, పిల్లల పరీక్షల సంగతి అయింది, తబలా సంగతీ అయింది. తర్వాత గొంతు తగ్గించారు.

"ప్రభువా, ఈ ఇంటాయన తోడబుట్టిన అక్కకు రేపు పొద్దున్నే గుండె ఆపరేషన్. ఎవరికీ చెప్పొద్దంది, తమ్ముడికి అసలే చెప్పొద్దంది. నేను ఎవరికీ చెప్పడం లేదు, నీకొక్కడికే చెప్తున్నాను. ఆసుపత్రి బెజవాడలో, బందరు రోడ్డు మీద, రెండో అంతస్తు. నీకు దారి తెలుసనుకో, అయినా చెప్తున్నాను."

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఒక కన్ను తెరిచి చూశాను. కొట్టు పెద్దాయన మెట్లు దిగిపోతున్నారు. అమ్మగారు కళ్లు తెరవకుండానే, "బయల్దేరినవాళ్లను క్షేమంగా చేర్చు తండ్రీ, ఆమెన్" అన్నారు.

ఆపరేషన్ రోజు నేనూ ఆవిడా వెళ్లేసరికి బావా బావమరదులు ఒకే బెంచీ మీద, చెరో చివరా కూర్చుని ఉన్నారు. రాత్రి వేళ దాటిందని కొట్టు పెద్దాయన్ని అక్క దగ్గరికి వెళ్లనివ్వలేదట.

"అక్కకి ఇంత జరుగుతుంటే నాకు చెప్పవా బావా?"

"నువ్వు నాతో మాట్లాడట్లేదు కదయ్యా."

"మాట్లాడకపోతే మాత్రం చెప్పవా?"

థర్మల్ పెద్దాయన కళ్లద్దాలు తీశారు. చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని, బెంచీ మీద కాస్త ఇటు జరిగారు. అమ్మగారు గోడవారన నేల మీద కూర్చుని ప్రార్థిస్తూ, ఆపరేషన్ అయిందని చెప్పేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ ప్రార్థనలో ఏం చెప్పుకున్నారో మాత్రం మాకెవరికీ వినపడలేదు. నేను చూసినంతలో ఆవిడ పెదవి కదపకుండా ప్రార్థించింది ఆ ఒక్క రోజే.

తెలివి వచ్చాక అక్కగారు తమ్ముణ్ణి చూసి, "వీడికెవరు చెప్పారు?" అన్నారు. అందరం అమ్మగారి వైపు తిరిగాం. ఆవిడ తీరిగ్గా పైకప్పు చూస్తున్నారు.

తర్వాతి క్రిస్మస్‌కు చర్చి ముందు రెండు పొయ్యిలు వెలిగాయి. ఒకదాని మీద బిర్యానీ, ఒకదాని మీద పులిహోర. వీధి వీధంతా వచ్చింది. ఎదురింటి బామ్మగారు పులిహోర వైపు కుర్చీ వేయించుకున్నారు. అమ్మగారు భోజనానికి ముందు ప్రార్థన చేస్తూ, "పులిహోరలో ఉప్పు తగ్గింది ప్రభువా, మేం సర్దుకుంటాం" అన్నారు. కొట్టు పెద్దాయన ఆమెన్ కోసం ఆగకుండా ఉప్పు కోసం పరుగెత్తారు.

శుక్రవారం ముసురులోనే సమాధి చేసి వచ్చాం. అక్కగారూ నేనూ ఆవిడ గది సర్దుదామని వెళ్లాం. వసారాలో తీగ మీద తెల్లచీర ఆరేసి ఉంది, పోయిన రోజు పొద్దున ఆవిడే ఉతుక్కున్నది. అక్కగారు తీయబోయి, అంచు పట్టుకుని చూసి ఆగిపోయారు.

"ఇంకా తడిగానే ఉందే. ఉండనీ, ఆరాక తీద్దాం."

ఇద్దరం గడప మీద కూర్చున్నాం. గాలి వచ్చినప్పుడల్లా చీర కాస్త లేచి, మళ్లీ నెమ్మదిగా దిగుతోంది.