సిగ్నల్ అందని పెట్టె

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నీ ఒక చిన్న సర్క్యూట్ బోర్డుతో తీరిపోతాయని నాకు గట్టి నమ్మకం. కోదాడలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగం రాక, సూర్యాపేటలో మా చిన్నాయన దగ్గర పనికి కుదిరాను. చావు జరిగిన ఇళ్లకు ఫ్రీజర్ బాక్సులు కిరాయికి ఇవ్వడం ఆయన వ్యాపారం. (పెళ్లిసంబంధాల వాళ్లకు మాత్రం ‘అబ్బాయి కూలింగ్ లైన్‌లో ఉన్నాడు’ అని మా ఇంట్లో చెప్పేవాళ్లు.) ఆ పెట్టెల్లో చల్లగాలిని తిప్పడానికి ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. స్విచ్ వేసింది మొదలు అది గరగరమంటూనే ఉండేది. మనిషి పోయిన ఇంట్లో మర్యాద లేకుండా ఆ రొద ఏమిటని నాకు ఒళ్లు మండేది.

అందుకని లోపల వేడి పెరిగితేనే ఫ్యాన్ తిరిగేలా ఒక సెన్సార్ బోర్డు బిగించాను. బోర్డు ఇచ్చే సిగ్నల్ ఐదు వోల్టులే, దాంతో పన్నెండు వోల్టుల ఫ్యాన్ కదలదు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెడితే, ఆ చిన్న సిగ్నల్ అందగానే అది ఫ్యాన్‌కి కరెంటు వదులుతుంది, చల్లబడగానే ఆపేస్తుంది. “మంచిగున్నదాన్ని ఎందుకు కెలుకుతవ్‌రా?” అన్నాడు చిన్నాయన. నేను ఆయన్ని చూసి జాలిగా నవ్వాను.

ఆ పెట్టె మొదట వెళ్లింది కోదాడ దగ్గరి ఒక ఊరికి. అక్కడ ఒక ముసలామె తెల్లవారుజామున పోయింది. ఆమెకు ఒక్కతే బిడ్డ, షోలాపూర్ నుంచి బయలుదేరింది. ఆ పిల్ల వచ్చి తల్లి మొహం చూసేదాకా శవం చెడకుండా ఉండాలి. ఎండ మాడ్చేస్తోంది. మేం పెట్టె దింపి ఆన్ చేశాం. ముసలామె భర్త పెట్టె పైఅద్దం మీద చెయ్యి వేసి పక్కనే నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపల చల్లబడి ఫ్యాన్ ఠక్కున ఆగింది. నేను గర్వంగా చుట్టూ చూశాను. ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా ఏడుపు ఆపి పెట్టె వైపు చూశారు.

“అయ్యో, పెట్టె బంద్ అయింది!” అని ఎవరో కేక వేశారు. “బంద్ కాలేదండీ, సిగ్నల్ వస్తేనే ఫ్యాన్ తిరుగుతది,” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. “సిగ్నల్ అందుతలేదంట!” అన్న కబురు క్షణంలో వీధిలోకి పోయింది. “ఏ సిమ్ము ఏసినవ్ తమ్మీ?” అని ముసలామె మరిది నన్ను నిలదీశాడు. “మా ఇంట్ల ఏ ఫోనూ పలకదు. గేటు కాడైతే ఫుల్లు సిగ్నల్ ఉంటది, గాడ పెడదాం పట్టుండ్రి!” నేను ఆ సిగ్నల్ వేరు, ఇది వేరు అంటూ వెంటపడుతుండగానే నలుగురూ పట్టి, పొడుగాటి కరెంటు వైరుతో సహా పెట్టెను గేటు దగ్గరికి మోశారు. ముసలాయన కూడా వెనకే వచ్చి అక్కడే కూలబడ్డాడు. ఎండ తగిలి లోపల వేడెక్కింది, ఫ్యాన్ గర్రున తిరిగింది. “సూసినవా, టవర్ దొరికింది!” అన్నాడు మరిది. (నా నాలుగేళ్ల చదువు అక్కడే మట్టిలో కలిసింది.)

పైన టార్పాలిన్ కట్టారు. మళ్లీ చల్లబడింది, ఫ్యాన్ మళ్లీ ఆగింది. ఈసారి ఎవరూ అరవలేదు. ముసలాయన తలెత్తి నన్ను చూశాడు. “పొద్దుగాల దాని ఊపిరి గూడ గిట్లనే ఆగింది బిడ్డా,” అన్నాడు. “గురగుర అనుకుంట అనుకుంట ఆగింది. ఇంకెన్నిసార్లు ఆపుతవ్?”

నేను వెంటనే సిగ్నల్ వైరు తెంపి, ఫ్యాన్‌కి కరెంటు నేరుగా కలిపాను. అది ఆగకుండా గరగరమంటుంటే ఆయన మళ్లీ అద్దం మీద చెయ్యి వేసి, గేటు దిమ్మెకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. సాయంత్రానికి కూతురు వచ్చింది, తల్లి మొహం చూసుకుని గుండెలు బాదుకుంది. శవాన్ని లేపే వేళ స్విచ్ దగ్గర నిలబడ్డాను గానీ నా వేలు కదల్లేదు. ముసలాయనే వచ్చి నా భుజం తట్టాడు. “నా బిడ్డ అచ్చింది. ఇగ ఆపు నాయనా.”

ఇప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కంట్రోల్ ప్యానెళ్లు బిగిస్తూ బతుకుతున్నాను. అక్కడ ఫ్యాన్లు వాటంతట అవే ఆగుతాయి, ఎవరూ కంగారు పడరు. చావింటికి మర్యాద నేర్పబోయిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది కూడా. చిన్నాయన తన పెట్టెల్ని బాగు చేయమని ఇప్పటికీ నా దగ్గరికే పంపుతాడు. వాటిలో ఫ్యాన్ నేరుగానే కలుపుతాను. అలా అయితే త్వరగా అరిగిపోతుందని నాకూ తెలుసు.